రోగి మాటకు గల ప్రామాణ్యము

(గుండ్లపోచంపల్లియందు జరిగిన మన సంఘ వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



నేటి ఉదయమునుండి ఈ వేదికపై విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు పెద్దలు ప్రసంగించి యున్నారు. మాకు నియమింపబడినది ఆరోగ్య విషయము. అది సముద్రము వంటిది. మేము వైద్యులమును గాము. కావున నా సముద్రమును దాటబూనక, అందొక చిన్న ప్రశ్నను మాత్రము మీ యెదుట నుంచుచున్నాము. రోగి తన బాధను గూర్చి తాను చెప్పుకొను మాటను ఎంతవరకు నమ్మవలెను? ఆ మాటను బట్టి చికిత్సను గాని, సహాయమును గాని నిర్ణయింపవచ్చునా?

ఈ ప్రశ్న గ్రంథములనుండి పుట్టినది కాదు. మన రోగసహాయనిధి కార్యవర్గమునందే పుట్టినది. గత సంవత్సరము మాకు రెండు విన్నపములు ఒకే దినమున వచ్చెను. మొదటిదానికి స్కానింగు చిత్రములును, పరీక్షల కాగితములును దళసరి కట్టగా జతపరుపబడి యుండెను. దానిని ఎవ్వరును ప్రశ్నింపలేదు, ధనము మంజూరయ్యెను. రెండవది బట్టల కార్ఖానాలో కుట్టుపని చేయు ఒక సోదరిది. కుడిచేయి తిమ్మిరెక్కి, నొప్పిపుట్టి, మిషనువద్ద కూర్చుండలేకున్నాననియు, చికిత్సకు కొంత సహాయము చేయుడనియు ఆమె వ్రాయించుకొనెను. రక్తపరీక్షలోను, ఎక్స్‌రేలోను దోషమేమియు లేదని కాగితములు చెప్పుచుండెను. "కాగితములో లేని రోగము నెట్లు నమ్మెదము?" అని మాలో నొకరనిరి. మేమందరమును తలయూపితిమి. విన్నపము వాయిదా పడెను. ఆమె మరల రాలేదు. ఆ దినమునుండి ఈ విషయము మా మనస్సును విడువలేదు.

పూర్వుల మతము

మన ప్రాచీన వైద్యులు ఈ ప్రశ్నను విడిచిపెట్టలేదు. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని రోగిపరీక్ష మూడు విధములని వారు చెప్పిరి. చూచుట, తాకుట యెంతయో, అడుగుటయు నంతయే. చరక సంహితలో వైద్యునకు, ఔషధమునకు, పరిచారకునకు వలెనే రోగికిని నాలుగు గుణములు చెప్పబడినవి. అవి స్మృతి, చెప్పినట్లు నడచుకొనుట, భయపడకుండుట, జ్ఞాపకత్వము. ఇచ్చట జ్ఞాపకత్వమనగా మనము వాడుకలో ననుకొను జ్ఞాపకశక్తి కాదు. తన రోగమును ఇతరులకు తెలియజెప్పగల శక్తి. చికిత్స నాలుగు పాదములపై నిలుచునని చెప్పి, అందొక పాదము రోగియే యని చెప్పిన ఆ పెద్దలు, రోగి నోటిని ఎంత గౌరవించిరో మీరే యోచింపుడు.

కాని మన యిండ్లలో నడచిన ఆచారము వేరు. వైద్యుని యెదుట మౌనముగా చేయిచాచి, "నాడి పట్టి చెప్పనీ, చూతము" అని ఆయనను పరీక్షించుట మన తాతల కొక వేడుక. చెప్పకయే కనిపెట్టినవాడు ఘనుడు, అడిగినవాడు తెలియనివాడు! నేడు నాడి స్థానమున యంత్రము వచ్చినది. "ఏమియు చెప్పనక్కరలేదు, స్కానింగులో తెలిసిపోవును" అనుచున్నాము. వేషము మారినదే గాని మౌనము మారలేదు.

మాట యొక్క బలము

ఆధునిక వైద్యశాస్త్రము రోగి మాటకిచ్చు విలువ మనము తలంచుదానికంటె మిక్కిలి హెచ్చు. 1975లో ఇంగ్లండునందు హాంప్టన్ అను వైద్యుడును ఆయన సహచరులును క్రొత్తగా ఆసుపత్రికి వచ్చిన 80 మంది రోగులను గమనించిరి. రోగి చెప్పిన వృత్తాంతమును, పంపిన వైద్యుని జాబును మాత్రము చూచి చేసిన నిర్ణయము 66 మంది విషయమున కడవరకు నిలిచెను. దేహపరీక్షచే మారినది 7గురి విషయమున. ప్రయోగశాల పరీక్షలచే మారినది మరి 7గురి విషయమున మాత్రమే. పరీక్షలు వ్యర్థములని దీని యర్థము కాదు. ఏ పరీక్ష చేయవలెనో చెప్పునది రోగి మాటయే యని యర్థము.

ఇంకొక ఉదాహరణము. గుండెకు రక్తము చాలకపోవుటచే వచ్చు రొమ్మునొప్పిని విలియం హెబర్డెన్ అను లండను వైద్యుడు 1768లో మొదట స్పష్టముగా వర్ణించెను. అప్పటికి ఈ.సీ.జీ. యంత్రము లేదు, స్టెతస్కోపు సైతము 1816 వరకు పుట్టలేదు. నడచునప్పుడు, అందులోను మెట్టయెక్కునప్పుడు, రొమ్ము బిగబట్టినట్లగుననియు, నిలిచిన వెంటనే పోవుననియు రోగులు చెప్పిన మాటలే ఆయనకు ఆధారము. రెండున్నర శతాబ్దములు గడచినను నేటి వైద్యుడు మొట్టమొదట అడుగునది ఆ ప్రశ్ననే: "నడిచినప్పుడు వచ్చునా? కూర్చున్నచో పోవునా?"

సోదరులారా! ఈ ప్రశ్నను మేము మరవజాలము. మా తల్లిగారిని కొంతకాలము క్రిందట ఒక ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. వైద్యుడు "ఏమమ్మా, ఏమి బాధ?" అని ఆమెనే అడిగెను. ఆమె నోరు తెరచులోపల మేమే "గ్యాసండీ, తిన్నది అరుగుట లేదు" అని చెప్పితిమి. ఆమె ఒకమారు మా ముఖము చూచి ఊరకుండెను. వైద్యుడును మరల అడుగలేదు. కడుపునకు మాత్రలు వ్రాసియిచ్చెను. ఇంటికి వచ్చిన పిదప ఆమె కోడలితో, "మెట్లెక్కుతుంటే రొమ్ము మీద రాయి పెట్టినట్టయితది బిడ్డా, కూసుంటే పోతది" అని చెప్పెనట. మా ఇంటిది ఆ మాటను మాతో చెప్పినను, వైద్యుడు చూచినాడు గదా యని త్రోసివేసితిమి. మూడు వారములు తిరుగకముందే ఆమె మాకు దక్కకుండ పోయినది. హెబర్డెన్ గ్రంథమున కెక్కిన లక్షణమును, అక్షరము రాని మా తల్లి ఉన్నదున్నట్లు చెప్పినది. వినవలసినవారము వినలేదు. ఆ దోషము వైద్యునిదని మేమనము. మొదటి దోషము మాది.

ఒక యింటిలో జరిగినదే దేశమంతటను జరిగినది. 1959లో బెంగుళూరునందు స్థాపింపబడిన జాతీయ క్షయ సంస్థవారు, తెలుగువారును నివసించు తుముకూరు జిల్లాలో క్షయరోగులను గూర్చి విచారణ చేసిరి. పల్లెవాసులకు తమ రోగమే తెలియదనియు, బండ్లపై యంత్రములతో ఊరూర తిరిగి మనమే వెదకి పట్టవలెననియు అప్పటి తలంపు. బెనర్జీ, ఆండర్సన్ అను పండితులు 1963లో ప్రకటించిన ఫలితములు దీనికి విరుద్ధముగా నుండెను. రోగులలో మిక్కిలి పెక్కురు తమ లక్షణముల నెరిగియే యున్నారు. సగముమందికి పైగా ఏదో యొక వైద్యశాలకు పోయియే యున్నారు. అక్కడ వారికి దగ్గుమందు సీసా దొరకినది, కఫపరీక్ష దొరకలేదు. రోగి వచ్చినాడు, చెప్పినాడు, విన్నవారు లేరు. తనంతట వచ్చి దగ్గు గలదని చెప్పినవానికి దగ్గరి వైద్యశాలలోనే కఫపరీక్ష చేయవలెనను సూత్రముపై 1962లో ఆరంభమైన జాతీయ క్షయ నివారణ కార్యక్రమము నిలిచినది. రెండు వారములు దాటిన దగ్గు అను రోగి మాటయే నేటికిని ఆ పరీక్షకు వాకిలి.

మాట యొక్క దౌర్బల్యము

ఇంతవరకు ఒక ప్రక్కనే చెప్పితిమి. రోగి మాటను గ్రుడ్డిగా నమ్ముడని చెప్పుటకు మేము రాలేదు. ఆ మాట తప్పిపోవు చోట్లును గలవు.

మొదటిది, దేహమే మౌనముగా నుండు రోగములు. రక్తపుపోటు, మధుమేహము చిరకాలము ఏ బాధయు తెలియనీయవు. "నాకేమి? రాయివలె నున్నాను" అనువాడు ఒకనాడు పక్షవాతముతో పడిపోవును. 2020, 2021 సంవత్సరములందు కోవిడ్ మహమ్మారి కాలమున, కొందరు రోగులు మంచముమీద కూర్చుండి మాటలాడుచు, బాగుగానే యున్నామని చెప్పుచుండగనే, వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు ప్రాణవాయువు ప్రమాదకరముగా తగ్గినదని చూపెను. అట్టి చోట కొలత మాటకంటె ముందు నడువవలెను.

రెండవది, మరపు. భారత ప్రభుత్వ జాతీయ నమూనా సర్వేవారు ప్రజల రోగములను గూర్చి అడుగునప్పుడు, సామాన్య రోగమైనచో గడచిన 15 దినములను, ఆసుపత్రిలో చేరినదైనచో 365 దినములను మాత్రమే అడుగుదురు. చిన్న బాధను మనిషి త్వరగా మరచును. పెద్ద బాధను చాలకాలము జ్ఞప్తియందుంచుకొనును. ఎప్పుడో వచ్చిన జ్వరమును నేడు అడిగినచో ఎవరు సరిగా చెప్పగలరు?

మూడవది, సిగ్గును భయమును. త్రాగుడును దాచెదము. ఆరెంపీ వేసిన సూదిని, ఊరిలో త్రాగిన పసరును దాచెదము. మ్రింగని మాత్రలను మ్రింగితిమని చెప్పెదము. 1956లో మద్రాసునందు వెలసిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారికి ఇది తెలియును. కావుననే ఇంటివద్ద మందు తీసికొను రోగుల మాత్రలను హఠాత్తుగా పోయి లెక్కించిరి. మూత్రపరీక్షతో మందు చేరినదో లేదో చూచిరి. అట్లని రోగులను దొంగలనుగా చూడలేదు. మాటను విని, మాటకు తోడుగా కొలతను నిలిపిరి. ఇంటివద్ద చికిత్స శానిటోరియములోని చికిత్సకు ఇంచుమించు సమానముగా పనిచేయునని వారు 1959లో లోకమునకు చూపగలిగిరి. నమ్మకమును, పరీక్షయు కలిసి నడచుటకు ఇంతకంటె మంచి దృష్టాంతమును మే మెరుగము.

స్త్రీల మౌనము

నాలుగవది అన్నిటికంటె పెద్దది. బాధను బాధయని యనుకొను హక్కు తనకు గలదని యెరుగని వారున్నారు. 1944లో, అనగా వంగదేశపు ఘోరక్షామమునకు మరుసటి యేడు, కలకత్తా సమీపమున సింగూరునందు అఖిల భారత ఆరోగ్యశాస్త్ర సంస్థవారు ఒక సర్వే చేసిరి. భార్యను కోల్పోయిన పురుషులలో 48.5 శాతము, తాము రోగులమనియో, ఆరోగ్యము అంతంతమాత్రమనియో చెప్పిరి. భర్తను కోల్పోయిన స్త్రీలలో అట్లు చెప్పినవారు 2.5 శాతము మాత్రమే! ఆ కాలపు హిందూ వితంతువు పురుషునికంటె ఆరోగ్యవంతురాలై యుండెనని ఎవరు నమ్ముదురు? ఈ లెక్కను అర్థశాస్త్రవేత్త అమర్త్యసేన్ పలుమార్లు ఎత్తి చూపియున్నారు. ఆయనయే 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌నందు వ్రాయుచు, దేశమున ఎక్కువ ఆయుర్దాయముగల కేరళ ప్రజలే ఎక్కువ రోగములను చెప్పుకొనుచున్నారనియు, ఆయుర్దాయము తక్కువైన బీహారువారు తక్కువగా చెప్పుకొనుచున్నారనియు చూపిరి. చదువు, వైద్యశాల అందుబాటులోనున్నవాడు తన బాధను గుర్తించును. అవి లేనివాడు దానిని విధియని మోయును. కావున "మా ఇంటి ఆడువారికి ఏ రోగమును లేదు" అని మనలో నెవరైనను గర్వించినచో, వారిని అడిగినారా యని మేము ప్రశ్నించెదము.

స్త్రీల మాట వినబడకుండుట ఒక యెత్తు. వినబడిన మాటను తప్పుగా వాడుకొనుట ఇంకొక యెత్తు. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటిమీద 3.2 శాతము కాగా, ఆంధ్రప్రదేశమున 8.9 శాతము, తెలంగాణమున 7.7 శాతము. తెల్లబట్ట యగుచున్నదనియో, నడుము లాగుచున్నదనియో చెప్పిన స్త్రీకి, "ఉంచినచో క్యాన్సరు కాగలదు" అను భయము చూపిన చోట్లు లేకపోలేదు. అక్కడ ఆమె మాట చికిత్సకు మొదలు కాలేదు. శస్త్రమునకు సాకు అయినది. బాధ యున్నదను మాట నిజము కావచ్చును. ఆ బాధకు గర్భసంచియే కారణమను నిర్ణయము వేరు. మొదటిది చెప్పవలసినది రోగి. రెండవది పరీక్షించి చెప్పవలసినది వైద్యుడు. ఒప్పుకొనవలసినది మరల రోగియే. 2008లో సుప్రీంకోర్టువారు ఒక స్త్రీ వ్యాజ్యమున తీర్పుచెప్పుచు, పరీక్షకై మత్తునందున్న ఆమెకు బదులుగా తల్లి ఇచ్చిన అంగీకారము గర్భసంచి తీయుటకు చెల్లదని నిర్ణయించిరి. కన్నతల్లి మాటయే చెల్లనిచోట భర్తలము, కుమారులము, మరుదులము మన మాట యెంత?

మన ప్రాంతము

ఇక మనము కూర్చున్న ఈ చోటిని చూతము. గుండ్లపోచంపల్లి మొన్నటివరకు పొలములును, రైలు స్టేషనును గల పల్లె. వస్త్ర పరిశ్రమల పార్కు వచ్చెను. 2018లో పురపాలక సంఘమయ్యెను. చుట్టును కార్ఖానాలు, గోదాములు, అంతస్తుల ఇండ్లు లేచినవి. ఒరిస్సా, బీహారు ప్రాంతములనుండి వచ్చినవారు మనతో కలిసి పనిచేయుచున్నారు. వారి బాధ వారి భాషలో నున్నది. మన పెద్దమ్మ "పానం మంచిగ లేదు" అనిన, పట్టణమున చదివిన యువ వైద్యునకు అందులో జ్వరమున్నదో, దుఃఖమున్నదో తెలియదు. మాట నమ్మదగినది కావలెనన్నచో మొదట అది అర్థము కావలెను గదా!

మన మేడ్చల్ మండల స్త్రీల మాటను శ్రద్ధగా విన్నవారును గలరు. మేడ్చల్ చేరువనున్న ఘన్‌పూర్ వైద్యప్రాంగణమునందలి షేర్ ఇండియా సంస్థవారు, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయముతో కలిసి, 2009 మొదలు 2011 వరకు ఈ మండల గ్రామములనుండి 1,227 మంది స్త్రీలను ఒక దీర్ఘకాల అధ్యయనమున చేర్చుకొనిరి. గర్భము రాకముందో, వచ్చిన తొలి దినములందో చేర్చుకొనిరి. అన్నియు జరిగిపోయిన పిదప జ్ఞప్తికి తెచ్చుకొమ్మనుటకంటె, జరుగుచున్నప్పుడే అడుగుట మేలను సూత్రమిది. ఈ మండలపు పల్లెలందే, గర్భాశయ ముఖ క్యాన్సరు పరీక్షకు స్త్రీలు తమంతట తాము తీసికొనిన నమూనాలు పనికివచ్చునా యని పరిశీలించి 2009లో ప్రకటించిరి. తరువాత 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారును అట్టి స్వయం నమూనాలను అంగీకరించిరి. స్త్రీకి తన దేహమును గూర్చిన పని నప్పగించినచో ఆమె చేయగలదని దీనివలన తెలియుచున్నది.

కర్తవ్యము

మేము మొదట చెప్పిన కుట్టుపని సోదరిని మరల చూచితిమి. ఈమారు కాగితము లడుగలేదు, "ఎప్పుడు వచ్చును? ఎట్లుండును?" అని యడిగితిమి. రాత్రి నిద్రలో బొటనవ్రేలును, ప్రక్క రెండు వ్రేళ్ళును మొద్దుబారి మెలకువ వచ్చుననియు, చేయి విదిలించినచో కొంత తగ్గుననియు ఆమె చెప్పెను. తెలిసిన వైద్యునితో చెప్పగా, మణికట్టువద్ద నరము నొక్కుకొనిపోయినప్పుడు రోగులు చెప్పు మాట ఇదియేననియు, రక్తపరీక్షలో అది కనబడదనియు, నరముల పరీక్ష వేరుగా చేయింపవలెననియు చెప్పెను. ఆమె మొదటి దినముననే సత్యము చెప్పినది. మేము తప్పు కాగితమును ఎదుట పెట్టుకొని సత్యమును వెదకితిమి.

కావున ఈ మహాసభ యెదుట కొన్ని మనవులు చేయుచున్నాము. రోగసహాయనిధి కార్యవర్గమువారు కాగితములను చూచుటకు ముందు విన్నపదారుని మాటను పూర్తిగా వినవలెను. స్త్రీ యైనచో ఒక సోదరి వినవలెను. కాగితము లేదను కారణమున నెవరిని త్రోసివేయరాదు. తగిన పరీక్షకు పంపి, దాని వ్యయము నిధినుండి భరింపవలెను. పోషక మహాశయులు మన సంఘ భవనమున రక్తపుపోటును, చక్కెరను కొలుచు యంత్రముల నుంచి, బాధ యున్నను లేకున్నను నలువది దాటిన ప్రతివారిని కొలిపింపవలెను.

ఇంటియందు చేయవలసినవి ధనముతో పని లేనివి. వైద్యుని యెదుట రోగినే మాటలాడనిండు. మీరు చెప్పదలచినది తరువాత చెప్పుడు. బాధ ఎప్పుడు వచ్చినది, ఏమి చేయుచుండగా వచ్చినది, దేనితో తగ్గినది, ఏ మందులు మ్రింగినది ఒక నోటు పుస్తకమున నాటికి నాడు వ్రాసియుంచుడు. చదువురాని పెద్దలకు పిల్లలు వ్రాసిపెట్టుదురు గాక. త్రాగుడును, పసరును, మానివేసిన మాత్రను దాచకుడు. అవయవము తీయవలెనని చెప్పినచో, ప్రాణాపాయము లేనంతవరకు, రెండవ వైద్యుని యభిప్రాయము లేక సంతకము చేయకుడు.

రోగి మాట సాక్ష్యము వంటిది. సాక్షిని విచారింపక తీర్పు చెప్పు న్యాయాధిపతి యుండడు. సాక్షి చెప్పినదంతయు విచారణ లేక తీర్పుగా వ్రాయువాడును ఉండడు. విని, విచారించి, కొలిచి, మరల రోగినే యడిగి నిర్ణయించుట ధర్మము. మా యింట వినక పోగొట్టుకొన్నదానిని మేము తిరిగి తెచ్చుకొనలేము. మీ యింట పెద్దవారెవరైనను ఈ రాత్రి "ఏమీ లేదు బిడ్డా" అనినచో, దయచేసి ఇంకొకమారు అడుగుడు. అడిగి, వారు చెప్పువరకు ఊరకుండుడు.